గార్డు పెట్టె

నెల్లూరునుండి మైపాడునకు పోవు దారిలోనున్న ఇందుకూరుపేటకు రైలుమార్గము లేదు. ఈ తీరమున చిరకాలము బకింగుహాము కాలువయే రాజమార్గము; ఉప్పు, వంటచెఱకు, ధాన్యము పడవలమీదనే సాగినవి. 1899లో బెజవాడ-మద్రాసు రైలుమార్గము ఏర్పడిన పిదప సరకు క్రమక్రమముగా కాలువను విడిచి గూడ్సుబండి నెక్కినది. ఆ బండికి ముందున్న ఇంజనును పిల్లలుకూడ ఎఱుగుదురు. తోకనున్న గార్డు పెట్టెను తలచువారు అరుదు.

అమెరికావారు దీనిని కెబూసు అందురు. వారి కెబూసులో పొయ్యి, పడకలు, బండి పొడవంతయు కనిపెట్టి చూచుటకు కప్పుమీద చిన్న గూడువంటి గది యుండెడివి. మన గార్డునకు దక్కినవి ఒక ఆసనము, చేతిబ్రేకు చక్రము, లాంతరు, జెండాలు. వేసవి ఎండకు కాగు ఇనుపరేకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను దాని పని చిన్నది కాదు. బండి పొడవునను గొట్టములద్వారా బ్రేకు పట్టు ఏర్పాటు లేని దినములలో, డ్రైవరు కూత వేయగా గార్డు ఆ చక్రమును త్రిప్పి బిగించెడివాడు. వాలున లంకె తెగి వెనుకకు జారు పెట్టెలను నిలుపవలసినదియు అతడే. బండి దాటిపోవునప్పుడు స్టేషను మాస్టరు దాని తోకదీపమునో, కడపటి పెట్టెయని తెలుపు పలకనో చూడవలెను. అది కానరాకున్న బండిలో కొంతభాగము వెనుక దారిలోనే నిలిచిపోయినదేమో! కనుక చూచినగాని వెనుక బండికి దారి యియ్యడు.

1980 తరువాత అమెరికాలో కడపటి పెట్టెకు తగిలించు చిన్న పరికరము కెబూసును తొలగించినది. మనదేశమున 2022లో గార్డు పేరు ట్రైన్ మేనేజరుగా మారినది. పెట్టెకు బదులు పరికరము నుంచు యత్నములును ఆరంభమైనవి. అమెరికాలో ఎన్నో ఊళ్లు పాత కెబూసులను బాగుచేయించి ప్రదర్శనశాలలకు తరలించుకొన్నవి.

తరలించుట యెట్లు? పట్టాలమీద పుట్టిన బండి తుదిప్రయాణము తఱచుగా లారీమీదనే. మన తెలుగు సీమలో దీనికి తార్కాణము నౌపడ-పర్లాకిమిడి మార్గము. పర్లాకిమిడి రాజావారు నిర్మించిన ఆ రెండున్నర అడుగుల చిన్నబండి 1900లో నడువనారంభించి 2004లో నిలిచినది. తరువాత అచ్చట అయిదున్నర అడుగుల వెడల్పు పట్టాలు పడినవి. పాత పెట్టె తాను పుట్టిపెరిగిన దారినే కదలలేదు.

అట్టి పెట్టెను గోడలకు తాళ్లు తగిలించి ఎత్తరాదు, అడుగుచట్రమునకే తగిలింపవలెను. చక్రములను విప్పి వేరుగా పంపుట తఱచు. లారీమీద నుంచిన పిదప మొత్తము ఎత్తును కొలిచి, దారిలోని వంతెనలను, విద్యుత్తీగలను ముందే చూచుకొనవలెను. చేరుచోట కంకర పోసి, నీరు నిలువకుండ వాలు తీర్చి, పట్టాలు పఱచి, చక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టవలెను.

రంగు విషయమున నాకొక పట్టుదల కలదు. కంటికింపుగా నుండునని పచ్చని, నీలపు పూతలు పూయుటకంటె, పాత రంగును పొరపొరగా గీచి, అడుగున దాగిన అంకెలను, తూకపు గుర్తులను వెలికితీయుట మేలు. ఆ పెట్టె ఏ కంపెనీదో, ఎప్పటిదో చెప్పు సాక్ష్యము కొన్నిచోట్ల అదియొక్కటే.

ఇందుకూరుపేటవంటి తీరమున నిలుపుటైనచో ఉప్పుగాలి ముఖ్యశత్రువు. తుప్పు మొదట పట్టునది కంటబడని చట్రపు మూలలకు. పైన కప్పు వేసి, చుట్టును గాలియాడనిచ్చి, ఏటేట అడుగుభాగమును గీచి చూడవలెను. చేతిబ్రేకు మరకు నూనె వేయుచుండవలెను, పిల్లలు త్రిప్పి చూచునట్లు.