తెలుగు నేలపై బీటీ పత్తి

1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలను పురుగులు తినేశాయి. ఎన్నిసార్లు మందు కొట్టినా లద్దె పురుగు, శనగపచ్చ పురుగు చావలేదు. అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి మట్టిలో కలిసింది. అప్పుల భారంతో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగును మొక్కే చంపుకొంటుందన్న బీటీ విత్తనం ఆ గాయం మానకముందే వచ్చింది.

బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) అనే నేల బాక్టీరియా తయారుచేసే ఒక ప్రొటీను కొన్ని పురుగుల పేగును దెబ్బతీస్తుంది. ఆ ప్రొటీనుకు మూలమైన జన్యువును పత్తిలో చేర్చారు. మహికో సంస్థ రూపొందించిన మూడు బీటీ సంకరాలకు 2002 మార్చిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. దేశంలో వాణిజ్య సాగుకు వచ్చిన తొలి జన్యుమార్పిడి పంట ఇదే.

తొలి ఏళ్లు రైతుకు కలిసిరాలేదు. వర్షాధారపు నేలల్లో ఆ సంకరాలు చాలామందికి నష్టం తెచ్చాయి. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వాటి అనుమతిని పునరుద్ధరించలేదు. తర్వాత వేర్వేరు కంపెనీల సంకరాలు, 2006లో రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చాయి. ఇది లద్దె పురుగుపైనా పనిచేసింది. కాయతొలుచు పురుగులకు కొట్టే మందులు తగ్గాయి, దిగుబడి పెరిగింది. దేశంలో 2002-03లో 136 లక్షల బేళ్లున్న పత్తి ఉత్పత్తి 2013-14 నాటికి 398 లక్షలకు చేరింది. మంచి సంకరాలు, ఎరువులు, నీటి వసతి, రసం పీల్చే పురుగులకు వచ్చిన కొత్త మందులు కూడా ఇందుకు తోడ్పడ్డాయి.

మేలుతోపాటు న్యాయం ప్రశ్న కూడా వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తన ప్యాకెట్టు ధర అప్పట్లో సుమారు 1,850 రూపాయలు ఉంటే, అందులో 1,250 జన్యువు వాడకానికి కట్టే రుసుమే. దీనిపై 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించి, ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు దించింది. 2007లో పత్తి విత్తనాల చట్టం తెచ్చింది. ధర దిగినా విత్తనం రైతు చేతికి తిరిగి రాలేదు. సంకర విత్తనం మరుసటి ఏడు దాచి వేస్తే అదే దిగుబడి ఇవ్వదు, కాబట్టి ఏటా కొనక తప్పదు.

రెండో ప్రశ్న పురుగుది. బీటీ ప్రొటీనుకు పురుగు అలవాటు పడకుండా చేను చుట్టూ నాన్ బీటీ పత్తి వేయాలన్నది అప్పటి నియమం. అందుకు ప్యాకెట్టుతోపాటు 120 గ్రాముల విత్తనం విడిగా ఇచ్చేవారు. చిన్న కమతాల రైతుకు ఆ వరుసలు నష్టంగా కనిపించాయి. చాలాచోట్ల వేయనేలేదు. గత దశాబ్దంలో గులాబీ రంగు కాయతొలుచు పురుగు బోల్‌గార్డ్-2ను కూడా తట్టుకుంది, మందుల ఖర్చు మళ్లీ పెరిగింది. దీనికి తోడు కలుపుమందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనం తెలుగు జిల్లాల్లో చాటుమాటుగా అమ్ముడైంది. అది మొలవకపోతే రైతుకు రసీదు కూడా ఉండదు.

తినే పంట దగ్గర దేశం మరింత జాగ్రత్త పడింది. బీటీ వంకాయపై హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం విన్న కేంద్రం 2010 ఫిబ్రవరిలో దాని విడుదలను నిలిపివేసింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు బీటీ పత్తిని అనుమతించినప్పుడు ఇంత విస్తృతంగా ప్రజాభిప్రాయం వినలేదు.