ఇక్కడ గీస్తే అక్కడ పడే గీత

పెన్ టాబ్లెట్ కొన్నవాళ్ళలో చాలామంది మొదటి వారంలోనే దాన్ని మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేస్తారు. నేనూ పెట్టేశాను. కారణం అందరికీ ఒకటే. చెయ్యి బల్ల మీద ఉంటుంది, చూపు తెర మీద ఉంటుంది. ఇక్కడ గీస్తే గీత అక్కడెక్కడో పడుతుంది. కాయితం మీద గుండ్రంగా సున్నా చుట్టగలిగినవాడికి కూడా దీని మీద కోడిగుడ్డే వస్తుంది. "సిరా లేదు, కాయితం లేదు, రాసింది రాసినచోట కనపడదు, ఇదేం పెన్నండీ బాబూ" అని విసుక్కుని మళ్ళీ మౌస్ పట్టుకుంటాం.

నా చేత ఆ పెట్టె మళ్ళీ విప్పించింది మా పామర్రులో ఒక ఫోటో టచింగ్ మేష్టారు. ఆయన సంగతి చివర్లో చెప్తాను. ముందు కాస్త చరిత్ర చెప్పుకోవాలి. ఎందుకంటే ఆయన్ని చూశాక నాకర్థమైందేమిటంటే, ఇక్కడ గీస్తే అక్కడ పడే గీత కంప్యూటర్ వాళ్ళు తెచ్చిన వింతేం కాదు. పామర్రు నించి బస్సెక్కితే గంటా గంటన్నరలో చేరే ఊళ్ళలోనే అలాంటి కలాలు వందల ఏళ్ళు నడిచాయి.

మొదట మనకు తెలిసిన వైపు నించి వద్దాం. 1888లో ఎలిషా గ్రే అనే అమెరికన్ 'టెలాటోగ్రాఫ్'కి పేటెంట్ తీసుకున్నాడు. టెలిఫోన్ ఎవరు ముందు కనిపెట్టారని గ్రాహం బెల్‌తో పేచీ పడిన గ్రే ఈయనే. ఈ యంత్రంలో ఒకచోట పెన్నుతో రాస్తే ఆ కదలిక కరెంటుగా మారి తీగ మీద వెళ్ళి, దూరంగా ఇంకోచోట ఇంకో పెన్నుని అచ్చం అలాగే కదిలిస్తుంది. సంతకాలూ, చిన్న చిన్న చీటీలూ పంపడానికి బ్యాంకుల్లో, రైల్వే స్టేషన్లలో చాలా ఏళ్ళు వాడారు.

1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం 'స్కెచ్‌ప్యాడ్' రాశాడు. లైట్ పెన్ పట్టుకుని సూటిగా తెర మీదే గియ్యొచ్చు. గొప్ప విషయమే, కాకపోతే నిలువుగా ఉన్న తెర మీద చెయ్యెత్తి ఓ పావుగంట గీసి చూడండి, భుజం సంగతి తెలుస్తుంది. మరుసటి ఏడాది, 1964లో, రాండ్ కార్పొరేషన్ వాళ్ళు ఆ పెన్నుని బల్ల మీదకి దించారు. దాదాపు పదంగుళాల చదరపు పలక, దాని లోపల సన్నటి రాగి గీతల వల. అడ్డంగా 1024, నిలువుగా 1024, అంటే పది లక్షల పైచిలుకు చోట్లలో పెన్ను ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలుస్తుంది. దాని ఖరీదు 18,000 డాలర్లని చెప్తారు. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట అనే మన తలనొప్పికి పుట్టినరోజు ఇదే.

1983లో జపాన్‌లో వాకామ్ కంపెనీ మొదలైంది. వాళ్ళు చేసిన చమత్కారం తీగా బ్యాటరీ రెండూ లేని పెన్ను. పలక లోపలి తీగచుట్టలు ఒక క్షణం సంకేతం పంపుతాయి. పెన్నులోని చిన్న చుట్ట దానికి కంపించి, ఆ శక్తితోనే తిరుగు సంకేతం ఇస్తుంది. మరుక్షణం పలక పంపడం మానేసి వింటుంది. పంపడం, వినడం, పంపడం, వినడం, సెకనుకి కొన్ని వేలసార్లు. మొన నొక్కుకున్న కొద్దీ ఆ తిరుగు సంకేతం కొంచెం మారుతుంది. దాన్ని బట్టి ఎంత ఒత్తారో లెక్క కడుతుంది. ఒకప్పుడు 256 మెట్లు, తర్వాత 512, 1024, 2048, ఇప్పుడు 8192 మెట్లు మామూలైపోయాయి.

నా దృష్టిలో టాబ్లెట్ మొత్తానికి ప్రాణం ఈ ఒత్తుడే. మౌస్‌కి ఒత్తుడు తెలీదు, నొక్కావా లేదా అన్నదే తెలుసు. సున్నా, ఒకటి. బాపు గీత గుర్తు చేసుకోండి. సన్నగా బయల్దేరి, మధ్యలో ఒళ్ళు చేసి, మళ్ళీ సన్నబడి ఆగుతుంది. ఆ ఒక్క గీతలోనే మనిషి బరువూ, చీర మడతా, జడ వంపూ అన్నీ ఉంటాయి. మౌస్‌తో అలాంటిది ఒక్కటి గీసి చూపించండి, మీకు కాఫీ నేనిప్పిస్తాను :)

ఇక మా వైపు కథ. మొదటి కలం గంటం. పామర్రుకి దగ్గర్లోనే మొవ్వ ఉంది, క్షేత్రయ్య ఊరు. ఆ పక్కనే కూచిపూడి. ఆ రోజుల్లో పదాలైనా, యక్షగానాలైనా రాసి పెట్టుకోవాలంటే తాటాకే గతి. ఆకు మీద రాసేది ఇనప గంటంతో. అందులో సిరా ఉండదు. మొన ఆకు మీద గాటు పెడుతుంది అంతే. రాస్తున్నప్పుడు అక్షరం సరిగ్గా కనపడదు కూడా. అంతా అయ్యాక ఆకు మీద పసరూ మసీ రాసి తుడిస్తే, గాట్లలో నలుపు నిలిచి అక్షరాలు పైకి తేలతాయి. అంటే రాయడం ఒకప్పుడు, కనపడడం ఇంకొకప్పుడు. ఒత్తుడు తక్కువైతే మసి పట్టదు, ఎక్కువైతే ఆకు చీలుతుంది. అండూ లేదు. లేఖకుడి కంటికన్నా ఎక్కువగా ఆయన వేళ్ళకే అక్షరం తెలియాలి.

రెండోది కలంకారీ కలం. పామర్రు నించి బందరు రోడ్డు పట్టుకుంటే మచిలీపట్నం, దాని పక్కనే పెడన. ఈ కలం కూడా చూడ్డానికి ఏమీ ఉండదు. మొన చెక్కిన వెదురు పుల్ల, మొన పైన ఉన్నిగానీ గుడ్డపీలికలుగానీ చుట్టి దారంతో బిగించిన ఉండ. ద్రావణంలో ముంచితే ఆ ఉండ పీల్చుకుంటుంది. వేళ్ళతో ఉండని నొక్కితే మొనలోకి దిగుతుంది. ఎంత నొక్కితే అంత గీత. ఎనిమిది వేల మెట్లని ఎవరూ లెక్కపెట్టలేదు కానీ, ఒత్తుడు తెలిసిన పెన్ను అంటే ఇదే కదా!

అసలు తమాషా ఏంటంటే, ఈ కలం మోసేది రంగు కాదు. బట్టని ముందే కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు గీతని పాకనివ్వదు. నలుపు కావాలంటే, తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ రోజుల తరబడి నానబెట్టిన నీళ్ళతో గీస్తారు. ఆ ఇనుమూ, బట్టలోని కరక్కాయా కలిసినప్పుడు నలుపు పుడుతుంది. ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు. పూసినప్పుడు అక్కడ దాదాపు ఏమీ కనపడదు. తర్వాత బట్టని చిరివేరుతో ఉడికిస్తే, పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు పట్టుకుని కూర్చుంటుంది, మిగతాచోట ఉతుకులో పోతుంది. కృష్ణా నది సముద్రంలో కలిసే ప్రాంతపు చిరివేరుకి 17వ శతాబ్దంలో పెద్ద పేరు. మన భాషలో చెప్పాలంటే కలం రాసేది డేటా, రెండరింగ్ జరిగేది గంగాళంలో. గీసేవాడి తలలో మాత్రం పూర్తయిన బొమ్మ ముందే ఉండాలి.

ఆ బట్టల కోసమే 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో దిగారు. యూరప్‌లో వీటికి ఎంత గిరాకీ వచ్చిందంటే, అక్కడి నేతగాళ్ళు గోల పెట్టి 1686లో ఫ్రాన్స్‌లో, 1700లోనూ 1721లోనూ ఇంగ్లండ్‌లో నిషేధాలు తెప్పించారు. తర్వాత అక్కడే మిల్లులొచ్చి అవే పువ్వుల్ని చవగ్గా అచ్చేయడం మొదలెట్టాయి. బందరు వాళ్ళకి వేగం కావాల్సొచ్చింది. కలం పోయి టేకు అచ్చు వచ్చింది. ఇవాళ పెడనలో కనిపించేది ప్రధానంగా అచ్చులతో వేసే అద్దకమే. కలం పట్టుకున్న చెయ్యి చూడాలంటే శ్రీకాళహస్తి పోవాలి. మా దగ్గర పేరులో కలం మిగిలింది, చేతిలోకి అచ్చు వచ్చింది. అచ్చు చెక్కడం గొప్ప పనితనమే, అద్దడం అంతకన్నా కష్టం, దాన్ని తక్కువ చెయ్యను. కానీ కాపీ-పేస్ట్ కాపీ-పేస్టే. నూరోసారి వేసిన పువ్వు మొదటి పువ్వులాగే ఉంటుంది. ఒత్తుడు తెలిసిన గీత మాత్రం పోయింది.

మూడోది టచింగ్ పెన్సిల్. ఫిల్ము రోజుల్లో ప్రతి ఊళ్ళో స్టూడియో వెనక గదిలో ఒక వాలు బల్ల ఉండేది. కింద నించి వెలుతురు, మీద నెగెటివ్. మనిషి మొహం మీద నల్లగా పడే ముడతా, మచ్చా నెగెటివ్‌లో తెల్లగా, పారదర్శకంగా ఉంటాయి. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ తెల్లచోటుని నలుపు చేస్తే ప్రింటులో అది తెలుపవుతుంది. అంటే ఇక్కడ నల్లగా గీస్తే అక్కడ తెల్లగా పడుతుంది! ఒత్తుడు కాస్త ఎక్కువైతే బుగ్గ మీద బొల్లి మచ్చ తేలుతుంది. ఊళ్ళో ఎవరైనా పోతే, ఎప్పుడో తీసిన పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి ఆ ఒక్క మనిషినే విడదీసి, పెద్దది చేసి, దండ వెయ్యడానికి పనికొచ్చేలా చేసిపెట్టేది ఈ టచింగ్ మేష్టర్లే. మన ఇళ్ళల్లో గోడల మీద ఉన్న తాతయ్యలూ నాయనమ్మలూ సగం వాళ్ళ చేతి గీతలే.

కలర్ ఫిల్ము వచ్చాక వీళ్ళ పని సగం పడిపోయింది. 1990లో ఫోటోషాప్ వచ్చింది, 1994లో అందులోకి లేయర్లు వచ్చాయి, 2002లో మచ్చల్ని చిటికెలో చెరిపే హీలింగ్ బ్రష్ వచ్చింది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే మా ఊరి స్టూడియోల దాకా డిజిటల్ చేరింది. అప్పుడు జరిగిందేమిటంటే, టచింగ్ మేష్టారి చేతిలోంచి పెన్సిల్ తీసేసి మౌస్ పెట్టారు. ఇరవై ముప్పై ఏళ్ళు ఒత్తుడు తప్ప వేరే భాష మాట్లాడని చేతికి, ఒత్తుడు తెలీని వస్తువు ఇచ్చారు. నేను చెప్పిన మేష్టారు నెల రోజులు కుస్తీ పట్టి వదిలేశారు. "కంప్యూటర్ ఆయనకి ఎక్కలేదు" అన్నారు అందరూ. సెలవలకి ఊరెళ్ళినప్పుడు నేనూ అన్నాను. ఆయన కౌంటర్లో కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ ఉండేవారు.

2012 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అమ్మమ్మ ఫోటో బాగు చేయాల్సొచ్చింది. అదీ పెళ్ళి గ్రూపులోదే, చెమ్మ తగిలి బుగ్గ మీదుగా పెద్ద మరక. ల్యాప్‌టాప్, టాబ్లెట్ పట్టుకుని ఆయనింటికెళ్ళాను. సాయం అడగడానికే అనుకోండి, కొంచెం గొప్ప చూపించుకోడానికి కూడా.

పెన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒత్తుడు తెలుస్తుందా దీనికి?"

"తెలుస్తుంది మేష్టారూ. వెయ్యిన్నిరవై నాలుగు మెట్లు."

"మెట్లు నాకెందుకు అబ్బాయ్. తెలుస్తుందా లేదా?"

రెండు నిమిషాలు ఖాళీ పేజీ మీద గీశారు. చేతి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తర్వాత, "దీన్ని నెగెటివ్ చెయ్యగలవా?" అన్నారు. కంట్రోల్, ఐ కొట్టాను. అమ్మమ్మ మొహం నల్లబడి, జుట్టు తెల్లబడి, చూడ్డానికి భయంగా ఉంది. ఆయనకి మాత్రం సొంతూరు చేరినట్టుంది. కొత్త లేయరు వేసి, బ్రష్ సన్నది చేసి, ఒత్తితే చిక్కబడేలా పెట్టిచ్చాను. నా పని అంతే. గంటసేపు చిన్న చిన్న చుక్కలు, కామాల్లాంటి గీతలు. మళ్ళీ కంట్రోల్, ఐ. మరక లేదు. చర్మం చర్మంలాగే ఉంది, మేకప్ వేసినట్టు లేదు.

గడ్డం మీద ఒక చుక్క మిగిలిపోయిందని చూపించాను.

"అది మరక కాదు, పుట్టుమచ్చ. మీ అమ్మమ్మ గారిని నేను చూశాను కదా" అన్నారు.

పెన్ను పెట్టెలో పెడుతుంటే ఎంతయిందని అడిగారు. అయిదు వేల దాకా అయిందన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "మా ఓనరు ప్రింటరుకే బోలెడు పోశాడు" అని ఊరుకున్నారు.

అప్పటి నించీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయనకి ఎక్కనిది కంప్యూటరా, మౌసా? పాత పనిముట్టు తీసేసి కొత్తది ఇచ్చేటప్పుడు, పాతదాన్లో చెయ్యి ఏం నేర్చుకుందో మనం అడగం. స్క్రీన్లు డిజైన్ చేస్తాం, ట్రైనింగ్ ఇస్తాం, రానివాణ్ణి 'అడాప్ట్ కాలేదు' అని రాసేస్తాం. నేను పనిచేసిన ప్రాజెక్టుల్లో కూడా అలా రాసిన కాయితాలున్నాయి, కొన్ని నేనే రాశాను. టాబ్లెట్లు 1980ల నించీ ఉన్నాయి. ఊరి స్టూడియోకి మౌస్ వచ్చిన రోజునే అదీ వచ్చుంటే, కనీసం ఒక మనిషి పని ఇంకో పదేళ్ళు నడిచేది. ఇప్పుడు హుయాన్, ఎక్స్‌పీ-పెన్ లాంటి చవక టాబ్లెట్లున్నాయి, జింప్, క్రిటా ఉచితం. కానీ ఆ వాలు బల్లలు ఇప్పుడెక్కడున్నాయి?

మీ ఇంట్లో టాబ్లెట్ అట్టపెట్టెలో ఉంటే తియ్యండి. రెండు వారాలు మౌస్ పక్కన పెట్టండి. టాబ్లెట్ కొలతల నిష్పత్తి తెర నిష్పత్తితో కలిసేలా సెట్టింగుల్లో సరిచేసుకోండి, కోడిగుడ్లు తగ్గుతాయి. పాత ఫోటో బాగుచేస్తుంటే అసలు లేయరు ముట్టుకోకండి, ఒత్తుడుని బ్రష్ చిక్కదనానికి కట్టండి, ఒకసారి నెగెటివ్ చేసి కూడా చూడండి. ఏదైనా చుక్క చెరిపేముందు మాత్రం, ఆ మనిషిని చూసినవాళ్ళెవరైనా ఇంకా ఉంటే ఒక్కమాట అడగండి.