మోకాలెత్తు కెరటాల వారం

ఈ వారం మా బీచ్ సూచన ఇదీ: అల ఎత్తు ఒకటి నుంచి రెండడుగులు, అంటే మోకాలి దాకా. పొద్దుట గాలి లేదు, మధ్యాహ్నం దాటాక పడమటి గాలి. పదకొండింటి దాకా మబ్బు, ఆ తర్వాత ఎండ. నీళ్లు 68 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 20. దక్షిణం నుంచి వస్తున్న స్వెల్ (దూరపు తుఫాను పంపే అలల వరస) తగ్గుముఖం పట్టింది. కొత్తది వచ్చే వారం దాకా లేదు.

ఊరి పేరు హంటింగ్టన్ బీచ్. లాస్ ఏంజెలిస్‌కు దక్షిణాన, ఆరెంజ్ కౌంటీలో ఉంది. 'సర్ఫ్ సిటీ యూఎస్ఏ' అన్న బిరుదును ట్రేడ్‌మార్కు చేయించుకుని, ఆ మాట అచ్చేసిన టీషర్టులు అమ్ముతున్న శాంటా క్రూజ్ దుకాణదారుతో కోర్టులో తలపడి, 2008లో రాజీపడ్డ ఊరు. ఇంత హడావుడి విని జూలైలో చూడ్డానికొస్తే పేరు గొప్ప ఊరు దిబ్బ. సర్ఫింగ్ పలకలు చంకన పెట్టుకున్న కుర్రాళ్లు సముద్రంలోకి కట్టిన పియర్ మీద నిలబడి దక్షిణం వైపు చూస్తుంటారు. నీళ్లలో మాత్రం పసిపిల్లలు ఆడుకుంటుంటారు.

అమెరికా చరిత్ర అనగానే మనవాళ్లు కొలంబస్‌తో మొదలుపెట్టి వాషింగ్టన్, లింకన్‌ల మీదుగా నేరుగా సిలికాన్ వ్యాలీలో దిగుతారు. నేనూ అదే సిలబస్ చదువుకుని వచ్చాను. ఇక్కడికి ఇరవై నిమిషాల దూరంలో కాపురం పెట్టాక, ఈ దేశం గురించి నాకు ఎక్కువ చెప్పింది ఈ అయిదు ముక్కల సూచనే. ఒక రాజ్యం పోవడం, ఒక రైలు కంపెనీ లాభం, ఒక ప్రపంచ యుద్ధం, యూరప్ నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు, అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి.

ముందు సముద్రం ఎందుకు పడుకుందో చెప్పాలి. చలికాలంలో ఇక్కడికి అలలు అలాస్కా పక్కన అల్యూషియన్ దీవుల దగ్గర రేగే తుఫానుల నుంచి వస్తాయి. ఎండాకాలం వచ్చేసరికి ఉత్తర పసిఫిక్ మీద పెద్ద అధిక పీడనం తిష్ఠ వేసి ఆ తుఫానులను పైకి నెట్టేస్తుంది. ఇక మిగిలేది దక్షిణార్ధగోళం. అక్కడ అప్పుడు చలికాలం కాబట్టి న్యూజిలాండ్‌కు దిగువన, అంటార్కిటికా చుట్టూ గాలులు చెలరేగుతుంటాయి. వాటి అలలు భూమధ్యరేఖ దాటి ఇక్కడికి వస్తాయి. ఒక విడత వచ్చి పోయాక ఇంకో విడత వచ్చేదాకా నాలుగు రోజులో వారమో ఖాళీ. ఆ ఖాళీనే వీళ్లు లల్ అంటారు. నైరుతి రుతుపవనాలకు మన బంగాళాఖాతం ఎగసిపడే నెలల్లో ఈ తీరం ఇలా చల్లబడి ఉంటుంది.

పొద్దుటి మబ్బుకు కారణం వేరు. ఉత్తరం నుంచి తీరం వెంబడి దిగే చల్లటి ప్రవాహం మీద చల్లగాలి పొర పరుచుకుంటే, పైనున్న వేడిగాలి దాన్ని మూతలా నొక్కి పెడుతుంది. మే, జూన్ నెలల్లో ఇది మరీ ఎక్కువ. కాలిఫోర్నియా అంటే ఎండే అనుకుని చొక్కాల మీద దిగిన మన చుట్టాలు బీచ్‌లో స్వెట్టర్ల కోసం వెతుక్కునేది అప్పుడే.

ఈ పలక ఆట అమెరికాది కాదు, హవాయి వాళ్లది. 1885లో శాన్ మటెయోలో చదువుకుంటున్న ముగ్గురు హవాయి రాకుమారులు శాంటా క్రూజ్ దగ్గర శాన్ లొరెంజో నది సముద్రంలో కలిసే చోట రెడ్‌వుడ్ పలకల మీద కెరటాలెక్కారు. అమెరికా నేల పక్కన జరిగిన మొదటి సర్ఫింగ్‌గా దాన్నే చెబుతారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకే, 1893లో, చెరకు తోటల దొరలు, వర్తకులు కలిసి అమెరికా నావికా సైనికుల అండతో వాళ్ల రాణిని గద్దె దింపారు. 1898లో హవాయి అమెరికాలో కలిసిపోయింది. రాజ్యం తీసుకున్న దేశమే ఆటను కూడా తెచ్చుకుని అమ్మకానికి పెట్టింది.

అమ్మినవాడు హెన్రీ హంటింగ్టన్. ఈ ఊరికున్నది ఆయన పేరే. లాస్ ఏంజెలిస్ నుంచి సముద్రం దాకా ఎర్ర ట్రాము బండ్లు నడిపిన పసిఫిక్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆయనది. టిక్కెట్ల మీద ఆయన బాగుపడలేదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు చుట్టూ జరిగిందే అక్కడా జరిగింది: ముందు భూమి, తర్వాత దారి, ఆ తర్వాత ప్లాట్లు. 1904లో పట్టాలు ఇక్కడికి చేరాయి, ఊరి పేరు మారింది. కానీ జనం ఊరికే వచ్చి ప్లాట్లు కొనరు కదా, చూడ్డానికి ఏదో ఉండాలి. 1907లో హవాయి నుంచి వచ్చిన జార్జ్ ఫ్రీత్ అనే యువకుడిని రెడాండో బీచ్‌లో కెరటాల మీద నిలబడి చూపించే పనికి పెట్టుకున్నారు. 'నీళ్ల మీద నడిచే మనిషి' అని ప్రచారం చేశారు.

ఫ్రీత్ తల్లి వైపు హవాయి రక్తం ఉన్నవాడు. ఆయన గొప్పతనం ఆ వేడుకలో లేదు. 1908 డిసెంబరులో వెనిస్ బీచ్ దగ్గర తుఫానులో చిక్కుకున్న జపాన్ జాలర్ల పడవల వైపు చల్లటి నీళ్లలో మళ్లీ మళ్లీ ఈదుకెళ్లి ఏడుగురిని బతికించాడు. జపనీయుల మీద కాలిఫోర్నియాలో ద్వేషం పెరుగుతున్న రోజులవి. ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. ఈ రోజు ప్రతి బీచ్‌లో కనిపించే లైఫ్‌గార్డు పద్ధతికి ఇక్కడ పునాది వేసినవాళ్లలో ఆయన ముందుంటాడు. 1914లో హంటింగ్టన్ బీచ్ కాంక్రీటు పియర్ ప్రారంభమైనప్పుడు ఇక్కడా సర్ఫింగ్ చేసి చూపించాడు. 1919లో, ఆ ఇన్‌ఫ్లుయెంజా కాలంలోనే, జ్వరంతో పోయాడు.

ఇక సూచనలోని అంకెల సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి, నాకు ఇష్టమైన భాగం ఇదే.

1942. ఉత్తర ఆఫ్రికా తీరాన సైన్యాన్ని దింపడానికి అమెరికా సిద్ధమవుతోంది. కరోలినా తీరంలో సైనికులకు శిక్షణ. అలలు అయిదారడుగులు దాటితే సైనికులను ఒడ్డుకు చేర్చే చదునైన చిన్న పడవలు అడ్డం తిరిగి నీళ్లతో నిండిపోయేవి, ఆ రోజుకు శిక్షణ ఆపేసేవాళ్లు. వాల్టర్ మంక్ అనే పాతికేళ్ల కుర్రాడు మొరాకో తీరపు లెక్కలు తీసి చూస్తే, అక్కడ చలికాలంలో అలలు చాలా రోజులు అంతకంటే ఎత్తే. శిక్షణ అయితే ఆపొచ్చు, దండయాత్రను ఎలా ఆపుతారు? అలలు తగ్గే రోజును ముందే చెప్పాలి. ఆ విద్య అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

మంక్ 1917లో వియన్నాలో పుట్టాడు. బ్యాంకు వ్యాపారం నేర్చుకోమని ఇంటివాళ్లు పద్నాలుగేళ్లకే న్యూయార్క్ పంపితే, ఆ పని నచ్చక కాలిఫోర్నియా చేరి, లా హోయాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో చదువుకున్నాడు. అక్కడ ఆయన గురువు హెరాల్డ్ స్వెర్‌డ్రుప్ నార్వేవాడు. ఈ గురువు గారిని అనుమానించి కొన్నాళ్లు రహస్య పనులకు అనుమతి కూడా ఆపేశారు. వీసా కాగితాలతో తంటాలు పడ్డ మనలాంటి వాళ్లకు ఈ ముక్క వింటే కొంచెం ఊరట. చివరకు ఆ ఇద్దరే లెక్క కట్టారు. గాలి ఎంత బలంగా వీచింది, ఎంతసేపు వీచింది, ఎంత మేర నీటి మీద వీచింది: ఈ మూడూ తెలిస్తే అల ఎత్తు చెప్పొచ్చని తేల్చారు. ఆ అల ఒడ్డుకు ఎప్పుడు చేరుతుందో, చేరాక ఎలా విరుగుతుందో కూడా పట్టికలు కట్టి వాతావరణ అధికారులకు నేర్పారు. 1944 జూన్‌లో నార్మండీ తీరానికి సూచన చెప్పినవాళ్లు ఆ విద్యే వాడారు.

ఇందులో ఒక తమాషా ఉంది. 'అల ఎత్తు' అంటే ఏ అల ఎత్తు? సముద్రంలో ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. పడవలు నడిపే సరంగులను అడిగితే వాళ్లు చెప్పే అంకె సగటు కంటే ఎక్కువ వచ్చేది, ఎందుకంటే మనిషి కంటికి ఆనేవి పెద్ద అలలే. చివరకు ఎత్తయిన మూడో వంతు అలల సగటు తీస్తే వాళ్ల మాటతో సరిపోయింది. ఆ సరంగుల కంటి కొలతే ఇప్పటికీ ప్రపంచమంతా వాడే ప్రమాణం. నా ఫోనులో కనిపించే రెండడుగులు కూడా ఆ కొలతే.

యుద్ధం అయ్యాక మంక్ ఇంకో ప్రశ్న పట్టుకున్నాడు: అల ఎంత దూరం వెళ్లి చస్తుంది? 1963లో న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా ఒకే వరసలో మకాములు పెట్టించాడు. మధ్యలో సమోవా, పాల్మైరా, హవాయి. నేల లేని చోట ఫ్లిప్ అనే వింత నౌక: 355 అడుగుల పొడవుండి, తోకలోకి నీళ్లు నింపుకుని సముద్రంలో నిలువుగా లేచి నిలబడేది. మంక్ భార్యాపిల్లలతో సమోవాలో మకాం వేశాడు. తేలింది ఏమిటంటే, తుఫాను దాటి బయటపడ్డ పొడుగాటి అల దాదాపు చావదు. పసిఫిక్ మొత్తం దాటుకుని అలాస్కా చేరుతుంది. అంతకు ముందే 1950లలో మెక్సికో దగ్గరి గ్వాడలూప్ దీవి పక్కన మన హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలను కూడా పట్టుకున్నాడు. న్యూజిలాండ్ పక్క సందులోంచి దూరి వచ్చాయవి, కంటికి కనిపించనంత చిన్నవిగా.

అందుకే ఇక్కడివాళ్లు సూచనలో అడుగుల కంటే సెకన్లు చూస్తారు. ఒక అలకూ ఇంకో అలకూ మధ్య వ్యవధి అది. సముద్రంలో తేలే బోయ్ '2 అడుగులు, 8 సెకన్లు' అంటే పక్కనే వీచిన గాలి అల, దానికి విలువ లేదు. '1 అడుగు, 20 సెకన్లు' అంటే మాత్రం కుర్రాళ్ల చెవులు నిక్కుతాయి. ఎక్కువ వ్యవధి ఉన్నది వేగంగా నడుస్తుంది. 20 సెకన్ల స్వెల్ గంటకు 55 కిలోమీటర్లు, 14 సెకన్లది 40 లోపు. కాబట్టి దూరపు తుఫాను నుంచి ముందు 20వి, తర్వాత 17వి, ఆ వెనక 14వి వరసగా దిగుతాయి. న్యూజిలాండ్ దిగువ నుంచి వారం పైనే ప్రయాణం. ఇప్పుడు పడుకున్న సముద్రం వచ్చే గురువారం లేస్తుందో లేదో అక్కడ నిన్న వీచిన గాలే నిర్ణయిస్తుంది.

ఇదంతా చాలాకాలం సైన్యం దగ్గర, పరిశోధకుల దగ్గర ఉండిపోయింది. 1985లో ఒక ఫోన్ నంబరుకు డబ్బులు కట్టి మాట్లాడితే సర్ఫ్ ఎలా ఉందో చెప్పే సర్ఫ్‌లైన్ మొదలైంది. అది పెరిగి పెరిగి ఈ ఊరి కంపెనీగా ప్రపంచానికంతా సూచన అమ్ముతోంది. మన దేశంలో అలల సూచన ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ సముద్రమే లేని హైదరాబాద్‌లో ఉంది. కేరళ తీరాన ఎండవేళ ఉన్నట్టుండి పొంగే కల్లక్కడల్‌కు హెచ్చరిక వెళ్లేది అక్కణ్ణుంచే. అదీ దక్షిణ సముద్రపు స్వెల్లే.

ఇక ఒడ్డు ఎవరిదన్న మాట. ఈ ఊరి పక్కనే నల్లజాతివాళ్లు తమ కోసం పసిఫిక్ బీచ్ క్లబ్ కట్టుకుంటే, 1926 ఫిబ్రవరిలో తెరవాల్సిన దాన్ని జనవరిలోనే ఎవరో తగలబెట్టారు. పైన మన్‌హటన్ బీచ్‌లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి ఆవిడ 1912లో కొన్న స్థలంలో విడిది నడుపుతుంటే, 1924లో పార్కు పేరు చెప్పి ఊరు లాక్కుంది, ఆ తర్వాత దశాబ్దాల పాటు పార్కే కట్టలేదు. 2022లో ఆ భూమిని వారసులకు తిరిగి ఇచ్చారు. వాళ్లు మరుసటి ఏడాది దాన్ని కౌంటీకే 2 కోట్ల డాలర్లకు అమ్మేశారు. అంతకు చాలా ముందే, 1972లో జనం ఓటేసి, 1976లో చట్టం చేసి ఒడ్డును అందరికీ తెరిచి ఉంచే ఏర్పాటు చేసుకున్నారు. పోటు నీళ్ల గీతకు దిగువన తడి ఇసుక కాలిఫోర్నియాలో ఎవరి సొత్తూ కాదు.

ఆ తడి ఇసుక మీదే శనివారాలు మనవాళ్లు పులిహోర డబ్బాలతో దిగుతారు, సాయంత్రం కాంక్రీటు గుంటల్లో మంట వేసి మొక్కజొన్న కాలుస్తారు. వాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది. అసలు ప్రమాదం ఈ లల్ విడిచిన రోజు. వారం పాటు మోకాలెత్తు చూసి అలవాటు పడ్డ జనం నడుము లోతుకు వెళ్తారు; అప్పుడే 18 సెకన్ల స్వెల్ మొదటి విడత దిగుతుంది. పావుగంట ఏమీ ఉండదు, తర్వాత అయిదారు కెరటాలు వరసగా. అవి ఒడ్డుకు తోసిన నీళ్లు వెనక్కి పోతూ సన్నటి పాయగా మనిషిని లోపలికి లాగుతాయి. లైఫ్‌గార్డులు కాపాడేది ఎక్కువగా ఈ రిప్ కరెంట్లో చిక్కినవాళ్లనే. ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా ఈది పాయ దాటాలి.

కిందటి వేసవిలో వచ్చిన మా బాబాయికి ఇదంతా చెబితే నవ్వాడు. "కాకినాడలో పుట్టినోణ్ణి, నాకు సముద్రం గురించి చెప్తావేంట్రా?"

"మీ కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డం ఉంది బాబాయ్. దీనికి న్యూజిలాండ్ దాకా అడ్డం పెద్దగా ఏమీ లేదు."