2⁶⁷ − 1 (మెర్సెన్ సంఖ్య)

అరవై ఏడు రెళ్లను గుణించి, ఆ లబ్ధంలోంచి 1 తీసివేస్తే వచ్చే 21 అంకెల సంఖ్య. విలువ 147573952589676412927. దీన్ని ఎం67 అని కూడా రాస్తారు. ద్విసంఖ్యామానంలో ఇది వరసగా 67 ఒకట్లు. ఇది సంయుక్త సంఖ్య. దీని ప్రధాన కారణాంకాలు రెండే: 193707721, 761838257287.

ఘాతం ప్రధాన సంఖ్య కాకపోతే 2ⁿ − 1 రూపంలోని సంఖ్య ప్రధానం కాజాలదు. అలాగని ఘాతం ప్రధానమైతే చాలదు: 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఈ రూపంలో ప్రధాన సంఖ్య దొరికినప్పుడల్లా దానితో ఒక పరిపూర్ణ సంఖ్య (తనకంటే చిన్నవైన తన భాజకాల మొత్తానికి సమానమైనది) పుడుతుందని యూక్లిడ్ నిరూపించాడు.

పారిస్‌లో ఉండిన మతగురువు మారిన్ మెర్సెన్ 1644లో ఒక జాబితా ప్రకటించాడు. 257 వరకు గల ఘాతాల్లో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ప్రధాన సంఖ్యలను ఇస్తాయన్నాడు. నిరూపణ ఇవ్వలేదు. 31 విషయంలో ఆయన మాట నిజమేనని 1772లో ఆయిలర్ తేల్చాడు. 67 సంగతి మాత్రం రెండు శతాబ్దాలకు పైగా తేలలేదు.

1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ లూకా ఎం67 ప్రధాన సంఖ్య కాదని చూపాడు. ఒక్క కారణాంకం కూడా కనిపెట్టకుండానే ఈ నిర్ణయానికి రావడం ఆయన పద్ధతిలోని గొప్పతనం. 1930లో గణితజ్ఞుడు లెమర్ సరళం చేసిన రూపంలో ఆ పరీక్ష ఇలా ఉంటుంది: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసివేసి, ఎం67తో భాగించి శేషం ఉంచుకోవాలి, ఇలా 65 సార్లు చేశాక శేషం సున్నా అయితేనే అది ప్రధాన సంఖ్య. ఎం67కు సున్నా రాదు.

కారణాంకాలను వెతికి పట్టినవాడు కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ (1861–1926). ఎం67ను భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 134 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉండాలి. అయినా ఆ వరసలో ఒక్కొక్కదానితో భాగిస్తూ పోతే పద్నాలుగు లక్షల నలభై అయిదు వేల అయిదు వందల ఎనభయ్యో మెట్టు దగ్గర గాని చిన్న కారణాంకం తగలదు. కంప్యూటర్లు లేని రోజుల్లో అది అయ్యే పని కాదు. కోల్ వర్గ శేషాల సాయంతో చాలా మెట్లను ముందే తోసిపుచ్చాడు. 1903 అక్టోబరు 31న న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో, పెద్ద సంఖ్యల కారణాంక విభజన మీద పత్రం సమర్పించాడు. తరవాతి కాలంలో గణిత చరిత్ర రచయిత ఇ.టి. బెల్ రాసిన ప్రకారం, కోల్ నోరు విప్పకుండా నల్లబల్ల మీద ఒక పక్క 2⁶⁷ − 1 విలువ కట్టి, ఇంకో పక్క రెండు కారణాంకాలనూ గుణించాడు. రెండూ సరిపోయాయి, సభ చప్పట్లు కొట్టింది. ఈ పనికి ఎన్నాళ్లు పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలన్నాడని కూడా బెల్ చెబుతాడు. బీజగణితంలోనూ సంఖ్యాశాస్త్రంలోనూ ఆయన పేరిట ఆ సొసైటీ బహుమతులు ఇస్తోంది.

ఇప్పుడు మామూలు కంప్యూటరు ఈ విభజనను సెకను లోపే చేస్తుంది.

జాబితాలోని తక్కిన లోపాలు విడిగా బయటపడ్డాయి. మెర్సెన్ వదిలేసిన 61ని 1883లో రష్యా మతగురువు పెర్వూషిన్, 89, 107లను 1911, 1914లలో అమెరికాకు చెందిన పవర్స్ చేర్చారు. 257 కూడా 67 లాగే తప్పని తేలింది. 1947 నాటికి పరిశీలన ముగిసి, సరిదిద్దిన వరుస ఇలా నిలిచింది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61, 89, 107, 127.