విజయనగర వారసత్వ యుద్ధం

అరవీటి రెండవ వేంకటపతి దేవరాయలు 1614లో సంతానం లేకుండా మరణించాడు. అన్న కుమారుడు శ్రీరంగరాయలను ఆయనే వారసుడిగా ఎంచుకున్నాడు. రాణి పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయడు దీన్ని ఒప్పుకోలేదు. రాణి తన కొడుకుగా చూపిన బాలుణ్ణి సింహాసనం ఎక్కించి, శ్రీరంగరాయలను సకుటుంబంగా చెరపట్టి చంపించాడు. ఆ బాలుడు రాజుకు పుట్టలేదని జెసూట్ మతాచార్యుడు బరాదాస్ 1616 నాటి లేఖలో రాశాడు. శ్రీరంగరాయల కుటుంబంలో బతికి బయటపడింది ఆయన కొడుకు రామదేవుడొక్కడే. శ్రీరంగరాయల పక్షాన నిలిచిన వెలుగోటి యాచమనాయకుడు ఆ పిల్లవాణ్ణి ఒక చాకలి చేత కోట దాటించాడు. ఈ చరిత్రలో ఆ పేరు తెలియని మనిషి సాహసమే అన్నిటికన్నా గొప్పది.

మదుర, జింజి నాయకులు జగ్గరాయడి పక్షాన, తంజావూరు రఘునాథనాయకుడు యాచముడి పక్షాన నిలిచారు. తిరుచిరాపల్లి దగ్గర తోపూరులో జరిగిన యుద్ధంలో జగ్గరాయడు హతుడయ్యాడు. రాజైన రామదేవరాయలు 1632 వరకు పాలించాడు. సామంతులు మాత్రం మళ్లీ పూర్తిగా లొంగలేదు.