వీడ్కోలు పాట ఎవరికి?

ఈ వారం సింగపూర్ చైనీస్ విద్యార్థులు కట్టుకున్న దిగులు పాటల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

1980ల మొదట్లో ఇక్కడి కాలేజీ పిల్లలు గిటారు పట్టుకుని, సినిమాతో పనిలేకుండా, చైనీస్‌లో సొంతంగా పాటలు రాసి పాడారు. వాటికి 1982లో ‘షిన్‌యావ్’ అనే పేరు వచ్చింది. సింగపూర్ పాటలని అర్థం. స్నేహితులు విడిపోవడం, బడి రోజులు వెళ్ళిపోవడం... వినడానికి ఇంతే. మరి అంత దిగులెందుకు?

ఆ కాలం చూస్తే కొంత బోధపడుతుంది. రిక్షావాళ్ళు సైతం చందాలిచ్చి నిలబెట్టిన చైనీస్ విద్యాలయం నాన్యాంగ్‌ను 1980లో సింగపూర్ విశ్వవిద్యాలయంతో కలిపేశారు. 1987కల్లా బడులన్నిటిలో ఇంగ్లీషే ప్రధాన బోధనాభాష అయింది. అంటే ఆ వీడ్కోలు స్నేహితుడికేనా, చదువుకున్న భాషకు కూడానా? రెండింటికీ అనే నాకనిపిస్తుంది.

వీరిలో పేరున్న కవి లియాంగ్ వెన్ ఫు. కాంటనీస్ మాటలున్నాయని ఆయన పాటొకదాన్ని 1990లో ప్రసారం కానివ్వలేదు. 2010లో ఆయనకు దేశపు పెద్ద కళాపురస్కారం కల్చరల్ మెడాలియన్ ఇచ్చారు. పాట మీద నిషేధం మాత్రం 2013లో గానీ తొలగలేదు!

మరి మన సంగతి? ఇక్కడి బడుల్లో తమిళం, హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ మాతృభాషగా చదవొచ్చు. తెలుగు ఆ వరసలో లేదు. ఆ పిల్లలు తమ దిగులునైనా తమ భాషలో పాడుకోగలిగారు. మన పిల్లలకు ఆ పాటి తెలుగు రావాలంటే ఇల్లే బడి కావాలి.