బ్యారెల్ వదలకండి!

హైదరాబాద్‌లో ఓ ఎయిర్‌గన్ షాపు. లోపలికి అడుగుపెట్టగానే నూనె వాసన. పక్కన 13 ఏళ్ల మీ అమ్మాయి. "గగన్ నారంగ్ మన హైదరాబాదే కదా నాన్నా" అని దారిపొడవునా ఒకటే పాట. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆయన కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే మరి.

షాపాయన నల్లటి రైఫిల్ ఒకటి మీ చేతుల్లో పెడతాడు. "మంచి పవర్ సార్. 0.177 బోరు, 20 జౌల్స్‌ లోపే. లైసెన్సు అక్కర్లేదు."

అమ్మాయికి ఇస్తారు. భుజానికి ఆనించుకుంటుంది. మూడు లెక్కపెట్టేలోపే రైఫిల్ మూతి నేలచూపులు చూస్తుంది. బట్ పొడుగు. చెంప ఆనక మెడ సాగదీస్తోంది.

"పెరిగే పిల్లే కదా సార్, సరిపోతుంది." చెప్పుల షాపులోనూ ఇదే మాట విన్నారు మీరు.

ఇది స్ప్రింగ్‌ది. రైఫిల్‌ను మధ్యకు విరిచి, బ్యారెల్‌ను కిందికి లాగాలి. లాగుతారు. లోపల స్ప్రింగ్ కిర్రుమంటుంది. ఇంకా లాగాలి. మణికట్టు వణుకుతోంది. క్లిక్. పెల్లెట్ పెట్టే రంధ్రం తెరుచుకుంది. అమ్మాయి వేలు అటే వస్తోంది. మీ పట్టు సడలుతోంది.

"బ్యారెల్ వదలకండి!"

బిగుసుకుపోతారు. వేలు ఆగింది.

ట్రిగ్గర్‌కు ఏదైనా తగిలి ఉంటే బ్యారెల్ ఎగిరొచ్చి మూసుకునేది. మధ్యలో వేలుంటే ఇక అంతే. షాపాయన రైఫిల్ అందుకుని, బ్యారెల్ గట్టిగా పట్టుకుని స్ప్రింగ్‌ను మెల్లగా దించుతాడు. ఉత్తినే పేల్చేస్తే పోలేదా? పెల్లెట్ లేకపోతే పిస్టన్‌కు ఎదురుగాలి అడ్డు ఉండదు. నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది, సీలు పాడవుతుంది.

అద్దాల బీరువాలో ఇంకొకటి ఉంది. బ్యారెల్ కింద గాలి సిలిండరు, 200 బార్. చెంప ఆనే చెక్క ఎత్తూ బట్ పొడవూ మార్చుకోవచ్చు, పేలినా భుజానికి తెలియదు. ధర లక్ష పైమాటే. అమ్మాయి చూపు అక్కడే అతుక్కుపోయింది.

కొనేస్తారా? కౌంటరు మీది టార్గెట్ కాగితం చూడండి. నడిమి చుక్క అర మిల్లీమీటరు. పెన్సిల్ మొన ఆనించినంత. 10 మీటర్ల దూరంలోని కాగితానికి ఏడెనిమిది జౌల్స్ చాలు. ఆ నల్లదాని పవర్‌తో మీకు పనేముంది? బీరువాలోది ఎటూ పోదు. ముందు రేంజికి తీసుకెళ్లండి. క్లబ్బు రైఫిల్ పట్టనివ్వండి. ఆ భుజానికి ఎంత పొడవు కావాలో, చేయి ఎంత బరువు ఆపగలదో అక్కడ తేలుతుంది.

చదును మూతి పెల్లెట్ల డబ్బా ఒకటి, 4.5 మిల్లీమీటర్లది. ఇవాల్టి బిల్లు అంతే.